ఇంట్లో ఒకే భాష

మా అమ్మాయి మూడేళ్ళు నిండినా నోరు విప్పలేదు. అమ్మ అనలేదు, మమ్మీ అనలేదు. కావలసింది వేలు పెట్టి చూపించేది, ఇవ్వకపోతే నేలమీద పడి ఏడ్చేది. చెవుల డాక్టరు పరీక్ష చేసి వినికిడి బాగానే ఉందన్నాడు. దాంతో నా భయం ఇంకా పెరిగింది. చెవులు కాకపోతే మరేమిటి? పొద్దున్న మంచం దిగుతూనే దాని పక్కన చేరేదాన్ని. ఇవాళైనా ఏదైనా అంటుందేమోనని దాని నోటివంకే చూసేదాన్ని. అలా చూస్తుంటే పిల్ల మొహం తిప్పేసుకునేది.

మేముండేది భిలాయి సెక్టర్ టూలో, ఉక్కు ప్లాంటు క్వార్టర్లో. మా ఆయనకి షిఫ్టు డ్యూటీ. పగలంతా ఇంట్లో నేనూ, మా అత్తగారూ, పిల్లా. ప్లేస్కూల్లో చేర్చడానికి వెళ్తే అక్కడి మేడమ్ అడిగింది, "ఆప్ లోగ్ ఘర్ మేఁ కౌన్ సీ భాషా బోల్తే హైఁ?" అని. ఇంట్లో ఏ భాష మాట్లాడతారన్న అంత తేలిక ప్రశ్నకి నేను తడబడ్డాను. అత్తగారిది శ్రీకాకుళం తెలుగు. నేనూ మా ఆయనా ఇక్కడే పుట్టాం. తెలుగులో మొదలుపెట్టిన మాట పూర్తయ్యేసరికి హిందీలో తేలుతుంది. అంట్లు తోమే దీదీది ఛత్తీస్‌గఢీ. పక్కింటి ఆంటీ పిల్లని ఎత్తుకుందంటే మలయాళమే. అన్నీ చెప్పాను. మేడమ్ పెన్ను కింద పెట్టి, ఇన్నేసి భాషలైతే పిల్ల గజిబిజి పడదా, ఏదో ఒకటే మాట్లాడండి అంది.

ఆవిడేం డాక్టరు కాదు. అయినా భయపడ్డ మనిషికి ఎవరేం చెప్పినా వేదమే. ఇంటికొచ్చే ఆటోలోనే తేల్చేసుకున్నాను, ఇక హిందీ ఒక్కటే అని. బడిలో హిందీ, వీధిలో హిందీ, నాకూ హిందీయే వీలు. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం దేనికి. నా తెలుగు విని అత్తగారు నవ్వేది. "నీది తెలుగేటే, హిందీకి చీర కట్టినట్టుంది" అనేది. ఆ నవ్వు నాకు లోపలెక్కడో గుచ్చుకునే ఉంది.

"అత్తా, బేబీతో ఇంక తెలుగు బంద్. డాక్టర్లు కూడా అదే అంటన్నారు" అని చెప్పాను. ఏ డాక్టరూ అనలేదు.

"మరి నానేటి మాటాడాల?" అందావిడ.

"హిందీ."

నలభై ఏళ్ళు దాటి భిలాయిలో ఉన్నా అత్తగారి హిందీ కూరగాయల బండి దాటి రాలేదు. కిత్నా, కమ్ కరో, నహీఁ చాహియే: ఎంత, తగ్గించు, వద్దు, అంతే. వీటితో మనవరాలికి కథలేం చెబుతుంది? అంతకుముందు రోజూ మధ్యాహ్నం అన్నం పెడుతూ కథ చెప్పేది. పిల్ల ముద్ద ముద్దకీ ఊ కొట్టేది. ఆ ఊ నాకు మాటలా అనిపించేది కాదు.

మొదట్లో మరిచిపోయి తెలుగులో అనేసేది. నేను వంటింట్లోంచి "అత్తా, హిందీ!" అని అరిచేదాన్ని. నాలుక్కరుచుకుని, నీళ్ళ గ్లాసు అందిస్తూ "పానీ పియో" అనేది. కొన్ని వారాలకి అదీ మానేసింది. గిన్నె పట్టుకుని మనవరాలి ఎదురుగా కూర్చుని, నోరు తెరవమని తన నోరు తెరిచి చూపించేది. ఇల్లంతా నా ఒక్కదాని గొంతే. రంగుల పేర్లూ జంతువుల పేర్లూ హిందీలో వాగుతూనే ఉండేదాన్ని. పిల్ల ఊ కొట్టడం కూడా మానేసింది. అప్పుడు నాకు పట్టిన భయం ఇంతా అంతా కాదు. తప్పు చేస్తున్నానని మాత్రం తోచలేదు. ఈ పని ఇంకా ముందే మొదలుపెట్టాల్సిందని ఏడ్చాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం పిల్ల కనిపించలేదు.

నేను బట్టలు మడతపెడుతున్నాను, అత్తగారు కునుకు తీస్తోంది. కూలర్ హోరులో ఏ అలికిడీ వినపడలేదు. చూస్తే వెనక తలుపు తీసి ఉంది. పెరట్లో నేలలోకి కట్టిన నీళ్ళ టంకీ మూత సగం జరిగి ఉంది.  మోకాళ్ళమీద కూలబడి, చెయ్యి భుజం దాకా ముంచి టంకీ అంతా కలియబెట్టాను. నీళ్ళే తగిలాయి. వీధిలోకి పరిగెత్తాను. మండుటెండకి రోడ్డు మీద కుక్క కూడా లేదు. పేరు పెట్టి పిలిచాను. "కహాఁ హో బేటా, ఆ జావో" అని గొంతు పగిలేలా అరిచాను. పక్కింటి ఆంటీ బయటికొచ్చి కాలవ వైపు చూడ్డానికి వెళ్ళింది. పిలుస్తూ పిలుస్తూ ఉండగా ఒక్కసారిగా తట్టింది, ఈ పిల్ల పలకదని. రెండడుగుల దూరంలో ఉన్నా పలకదు. ఏ గోతిలో పడి ఉన్నా పలకదు. అంత భయం అంతకుముందు ఎరగను, ఆ తర్వాతా ఎరగను.

ఇంట్లోకి వచ్చేసరికి అత్తగారు కూలర్ ఆపేసి గది మధ్యలో నిలబడి ఉంది. 

"ఓలమ్మ, గుంట దొరికిందేటి, నా మనవరాలు?"

"లేదత్తా."

ఆవిడ నావైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా, ఒక్కసారి తెలుగులో పిలవనా?"

మనవరాలు ఉందో పోయిందో తెలియని ఆ ఘడియలో కూడా నన్ను అడిగింది.  తల ఊపాను.

ఆవిడ పేరు పెట్టి పిలవలేదు. కిటికీ దగ్గరకెళ్ళి, అన్నం గిన్నె ముందు పెట్టుకున్నంత మామూలుగా మొదలుపెట్టింది.

"అనగనగా ఒక ఊరుందట." ఆగింది. "ఆ ఊర్లో ఒక ముసల్దుందట." మళ్ళీ ఆగింది. "ఆ ముసల్దానికో మేకుందట."

కిటికీ అవతలినుంచి సన్నగా "ఊ" అని వినిపించింది.

కిటికీ బయట కూలర్ ఇనప స్టాండుకీ గోడకీ మధ్య సందులో, చల్లగా ఉందని దూరి కూర్చుంది. కారుతున్న నీళ్ళలో రెండు చేతులూ పెట్టి ఆడుకుంటోంది. తడి చేత్తో ముట్టుకుంటే కరెంటు కొట్టే కూలర్ అది. చప్పుడు తగ్గుతుందని అత్తగారు స్విచ్ ఆపకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

బయటికి లాగి గుండెకి హత్తుకున్నాను. ఏ భాషలో ఏమంటున్నానో నాకే తెలియదు. పిల్ల నా చేతుల్లోంచి జారిపోయి, లోపలికి పరిగెత్తి అత్తగారి చీర పట్టుకుని పైకి చూసింది. మేక సంగతి ఇంకా తేలలేదు కదా.

"చెప్పత్తా" అన్నాను వెనకే వచ్చి. "తర్వాతేమైందో చెప్పు."

అత్తగారు నోరు తెరిచింది. పెదాలు కదిలాయి గానీ ఏమీ అనలేకపోయింది. మనవరాలి తల నిమురుతూ, నావైపు చూడకుండానే అంది, "నువ్వు లోపలికెల్లమ్మా. నీ ముందర నాకు మాట రాదు."

నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను.