విశ్రాంతమ్మకు అంతుపట్టని ‘తా’

చండ్రుగొండలో విశ్రాంతమ్మను తెలివి తక్కువదని ఎవరూ అనరు. చర్చి హాస్టల్లో వంట చేసిన రోజుల్లో, ఏ పిల్ల అబద్ధమాడి రెండో గుడ్డు అడుగుతోందో కళ్లు చూసి చెప్పేసేది. అలాంటి మనిషిని మనవరాలి చదువు ముప్పుతిప్పలు పెట్టింది.

గ్రేస్ ఐర్లండ్‌లో రేడియో చదువు చదువుతోంది. రేడియోలో మాట్లాడటానికి చదువెందుకన్నదే ముసలమ్మకు తేలలేదు. పైగా ఐరిష్ అనే భాష కూడా నేర్చుకుంటోందట. అక్కడివాళ్లు మాట్లాడేది ఇంగ్లీషే కదా అని చర్చి పెద్ద అంతోనయ్య చెప్పినప్పటి నుంచి ఆమెకు అనుమానం: పిల్లకు ఇంగ్లీషు సరిగా రాక, దాన్నే వేరే భాష అని బొంకుతోందేమో.

క్రిస్మస్‌కు ఇంటికొచ్చిన గ్రేస్‌కు ఐరిష్ పరీక్ష ఫోన్లోనే, వీడియోలో పెట్టారు. టీచరు అడుగుతుంది, ఈమె జవాబు చెప్పాలి. పాసైతే ఆ భాషలోనే నడిచే రేడియోలో పని నేర్చుకోవచ్చు. తప్పితే ఐరిష్‌ను వదిలేసుకోవాలి. ఒక్క మాట కూడా మాట్లాడొద్దని అమ్మమ్మను బతిమాలింది. విశ్రాంతమ్మ బైబిలు ముట్టుకుని మాటిచ్చి, గుమ్మం పక్కన చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది.

టీచరు ఏదో అడిగింది. గ్రేస్ “తా” అంది.

విశ్రాంతమ్మ లేచింది. మాట్లాడొద్దంది గానీ తేవద్దనలేదు కదా. గ్లాసుతో నీళ్లు తెచ్చిపెట్టింది. టీచరు ఇంకేదో అడిగింది, గ్రేస్ మళ్లీ “తా” అంది. ఏం తేవాలో చెప్పదే! అరిసెలు తెచ్చింది. మూడోసారి దువ్వెన తెచ్చింది, పిల్ల జుట్టు రేగి ఉంది మరి. గ్రేస్ చేతులూపి ఆపబోతే, ఇంకా జల్దీ తెమ్మంటోందనుకుంది. చేతికందినది గంప కింది కోడిపెట్ట. దాన్నీ తెచ్చింది.

కోడి ఊరుకుంటుందా? ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఫోన్లో టీచరు ఆగిపోయింది, గ్రేస్ మొహం పాలిపోయింది. కాసేపటికి టీచరు మెల్లగా ఏదో అంది. అక్కడేం జరుగుతోందో రేడియోలో చెప్పినట్టు చెప్పమందని తర్వాత తెలిసింది. గ్రేస్ మొదలుపెట్టింది. నీళ్లు, అరిసెలు, దువ్వెన, కోడి అన్నీ చూపిస్తూ, తడబడుతూ, ఆఖరికి అమ్మమ్మ వైపు వేలు చూపించేసరికి టీచరు పడీపడీ నవ్వింది. నవ్వుతూనే “తా, తా” అంది.

విశ్రాంతమ్మ ఇక ఆగలేకపోయింది.

“ఏందే, ఈమె గూడ తెమ్మంటుంది? గంత దూరం ఎట్ల పంపాలె?”

సాయంత్రానికి పాసైనట్టు కబురొచ్చింది. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది గ్రేస్. ఆ భాషలో అవునన్నదానికి విడిగా మాట లేదు. ఉందా అంటే ఉంది అనాలి. ఆ ‘ఉంది’నే ‘తా’ అంటారు.

విశ్రాంతమ్మ పెదవి విరిచింది.

“మనం గూడ గంతే గదనే. తిన్నవా అంటే తిన్న అంటం. గిది నేర్వనీకి గంత దూరం పోవాల్నా?”



మర్నాడు స్నానాల గదిలోంచి గ్రేస్ కేకేసింది.

“అమ్మమ్మా, తువ్వాల తా!”

విశ్రాంతమ్మ చింతపండు దగ్గర నుంచి కదల్లేదు.

“ఉంటే తుడుచుకో మరి” అంది.