గోరింటాకుకు గడి లేని కాగితం

మర్నాడు పొద్దున్నే అక్కకు గుండె ఆపరేషన్. ఆ పరాయి దేశంలో నేను తప్ప ఆమెకు దిక్కు లేదు. అందుకే ఆదరాబాదరాగా నాంపల్లి నుంచి బయలుదేరి, మధ్యాహ్నానికల్లా అక్కడి విమానాశ్రయంలో పాస్‌పోర్టు కౌంటరు ముందు నిలబడ్డాను.

వీసాకు ఇచ్చిన వేలిముద్రలు వాళ్ళ దగ్గరున్నాయి. ఇప్పుడు అద్దం మీద వేళ్ళు పెడితే ఎర్ర దీపం. తుడిచి పెట్టాను. మళ్ళీ అదే.

"ఈ వేళ్ళు మీవేనా?" అని ఇంగ్లీషులో అడిగాడు అధికారి.

"మరెవరివి, పక్కింటావిడవా?" అనేశాను. నా నోటిదురుసు నేను పాఠాలు చెప్పే అబిడ్స్ బళ్ళో పిల్లల దగ్గర చెల్లుతుంది గానీ అక్కడ చెల్లుతుందా! నా ఫోను తీసుకుని లోపలి గదిలో కూర్చోబెట్టారు.

తప్పంతా ఆషాఢానిది. ప్రయాణం ముందురోజు మా అత్తమ్మ రుబ్బిన గోరింటాకు గిన్నెతో వెంటపడింది. "ఉత్త చేతుల్తోని పోతవా బిడ్డా? జర పెట్టుకో, ఎంతసేపు?" సూట్‌కేసు సర్దుకోవాలని కసిరాను. వింటేనా! పది వేళ్ళకూ మొదటి గణుపు దాకా టోపీలు పెట్టేసింది. ఎంత పండిందంటే వేలి మీద గీతలు నాకే కనబడలేదు.

ముద్రలు ఎందుకు మారాయో రాయమని కాగితం ఇచ్చారు. కాలిందా, కోసుకుందా, రసాయనమా, చర్మవ్యాధా అని నాలుగు గడులు. గోరింటాకుకు గడి లేదు. కింద ఖాళీలో "ఒక ఆకు రుబ్బి పెట్టుకున్నాను" అని రాశాను. అధికారి అది చదివి, ఏం ఆకు, బ్యాగులో ఇంకా ఉందా అని అడిగాడు. దేవుడా, గంజాయి అనుకుంటున్నాడు! బాత్రూంకి వెళ్ళి చర్మం మండేదాకా సబ్బుతో తోమాను. అది ఇంకా పెద్ద తప్పయింది.

"ఎందుకు చెరపబోయారు?" అన్నాడు. సాయంత్రం విమానంలో వెనక్కి పంపుతామన్నాడు. నేను వెళ్ళిపోతే అక్క గతేంటి?

చివరికి నన్ను నోరు మెదపవద్దని చెప్పి, ఆస్పత్రిలో ఉన్న అక్కకు తనే ఫోను చేసి స్పీకరు పెట్టాడు. గోరింటాకు సంగతి అక్కకు నేను చెప్పనేలేదు.

"మీ చెల్లెలి వేళ్ళకు ఏమైందో మీకు తెలుసా?"

అక్క ముందుగా ఇవాళ తారీఖు ఎంతని అడిగింది. ఆయన చెప్పాడు. నోట్లోనే తిథులు లెక్క వేసుకుంటున్నట్టు వినబడింది.

"అయితే వేళ్ళు ఎర్రగా ఉంటాయి. పదికి పదీ, మొదటి గణుపు దాకా. ఈ నెలలో మా ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ అంతే. ఆకు పెట్టుకుంటాం."

ఆయన నా చేతులు తిప్పి తిప్పి చూశాడు. పాస్‌పోర్టు ఫొటోతో నా మొహం మరోసారి పోల్చుకున్నాడు. ముద్ర కొట్టాడు.

నేను భోరుమన్నాను. అది విని అక్క ఇంగ్లీషు వదిలేసింది. "ఏడుస్తున్నవా? ఇగ ఫికర్ లేదు, వచ్చినవు గదా." మళ్ళీ తనే అంది. "నిన్ను వాపస్ పంపిస్తరేమోనని పానం పోయిందే. రేపు నేనొక్కదాన్నే లోపలికి పోవాల్నేమో అనుకున్న."