ఒక్క షీటు తగ్గినా

మా తాతల కాలం నుంచి వస్తున్న దినపత్రికలో నేను సబ్ ఎడిటర్ని. అచ్చు ఆపేస్తారన్న పుకారుతో దిగులుపడుతున్న రోజుల్లో, దర్శి బస్సులో పక్కసీటు మిర్చి రైతు చేతిలో మా పేపరు కనబడింది. ధరల పేజీ తను ఉంచుకుని, మిగతా షీట్లు అడిగినవాళ్లందరికీ పంచాడు. దిగబోతూ మాత్రం సీటు సీటుకీ తిరిగి అన్నీ వసూలు చేసి, వరసగా పేర్చుకున్నాడు. నా చేతిలోదే చివరిది.

“ఇటివ్వండి సార్. మొన్నొక షీటు బస్సులోనే పోతే మా ఆవిడ అన్నం పెట్టలా.”

“అసలు పేపరే ఆగిపోతే?” అన్నాను.

“మా ఆవిడ ఊరుకుంటదా? ఆ ఆఫీసుకెళ్లి కూర్చోదూ” అంటూ దిగిపోయాడు.

పుకారు పుకారుగానే పోయింది. ఇప్పటికీ పేజీలన్నీ ప్రెస్సుకి పంపేశాక, రేపటికి ఆయన అన్నానికి ఢోకా లేదనుకుంటాను.