డాక్టరమ్మ కారుకి ఆఖరి పంపు

ఉద్యోగమంటూ ఒకటి దొరికితే చాలు, ఆ కంపెనీ మనం రిటైరయ్యేదాకా మన కోసమే నిలబడి ఉంటుందని నమ్మే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. బీకాం పూర్తిచేసి, ఆనందపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చుని పోటీ పరీక్షల పుస్తకాలు తిరగేస్తుంటే (చదువుతోందని మా అమ్మ అందరికీ చెప్పేది), మా మావయ్య వచ్చి, "ఒలమ్మీ, ఇంట్ల కూకుని ఏటి సేత్తావు? మా షెడ్డుకొచ్చి లెక్కలు సూడు" అన్నాడు. అమ్మకి స్వయానా తమ్ముడు. ఉక్కు ఫ్యాక్టరీలో కరిగిన ఇనుమును అచ్చుల్లో పోసే పని చాలాకాలం చేసి, ముందుగానే రిటైర్మెంటు తీసుకుని, గాజువాక దగ్గర ఒక రేకుల షెడ్డులో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. అందులో పాతకాలం కార్లకు విడిభాగాలు తయారయ్యేవి. పాతకాలమంటే మీరూ నేనూ చిన్నప్పుడు ఎక్కిన కార్లు కావు. వాటిని పుట్టించిన కంపెనీలు ఎప్పుడో మూతపడి, ఎవరింటి కారు షెడ్డులోనో దుప్పటి కప్పుకుని పడుకున్న కార్లు.

విరిగిపోయిన ముక్క ఏదైనా వస్తే మావయ్య దాన్ని బల్లమీద పెట్టుకుని పూటంతా చూసేవాడు. చూడటమే పని. ఆ తర్వాత టేకు కర్రతో అచ్చం అలాంటిదే చెక్కి, ఇసుకలో ఒత్తి తీసి, ఆ గుంటలో కరిగిన లోహం పోసేవాడు. చల్లారాక దాన్ని లేత్ మిషను మీద నున్నగా తీసేది టర్నర్ బావ. అతన్ని షెడ్డులో అందరూ బావా అనే పిలిచేవారు. (చేరిన కొత్తలో నేను కూడా అలవాటులో "బావా, టీ" అనేశాను. ఆ తర్వాత చాన్నాళ్లు నేను టీ ఇవ్వబోతే చాలు, షెడ్డంతా దగ్గేది.) నల్లగా, గరుకుగా పడి ఉన్న ముద్దలోంచి అద్దంలా మెరిసే వస్తువు బయటికి వస్తుంటే నేను లెక్కలు మానేసి నోరు తెరుచుకుని చూసేదాన్ని.

వచ్చిన చిక్కల్లా మా సరుకు చెడిపోకపోవడమే. ఒకసారి పట్టుకెళ్లినవాళ్లు మళ్లీ రావలసిన అవసరమే ఉండేది కాదు. నేను నా బీకాం తెలివంతా కూడగట్టుకుని, "మావయ్యా, కొంచెం బేగి అరిగేలా సేస్తేనో?" అన్నాను. చెప్పులతో గుళ్లోకొచ్చినదాన్ని చూసినట్టు చూసి, "ఇదేనేటే కాలేజీల సెప్పినారు?" అన్నాడు. ఆ తర్వాత బ్యాంకు అప్పు తీసుకుని కొత్త మిషను కొన్నాడు. మిషను వచ్చిన ఏడాదే ఆర్డర్లు తగ్గడం మొదలైంది. కార్ల మీద ప్రాణం పెట్టుకున్న పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే, వాళ్ల కొడుకులు ఆ కార్లను హోటళ్ల ముందు అలంకారానికి అమ్మేశారు. హోటలు ముందు నిలబడే కారుకి ఇంజను అక్కర్లేదు కదా! పనివాళ్లు తగ్గారు. బ్యాంకు నోటీసులు పెరిగాయి. చివరికి మావయ్య, టర్నర్ బావ, నేను మిగిలాం.

బ్యాంకువాళ్లు షెడ్డు స్వాధీనం చేసుకోవడానికి వచ్చే రోజుకి మా దగ్గర ఒక్క ఆర్డరే ఉంది. అది డాక్టరమ్మది. ఒకప్పుడు పద్మనాభం వైపు పల్లెలకి తన నల్ల ఇంగ్లీషు కారులో వెళ్లి పురుళ్లు పోసొచ్చిన మనిషి ఆవిడ. ఆ కారు ఇంజనుని చల్లబరిచే నీళ్ల పంపు పగిలి, అది ఎన్నో ఏళ్లుగా కదలడం లేదు. అలాంటి పంపు ఎక్కడా దొరకదు. మేం చేసినదానికి ఇంకా లేత్ పని మిగిలి ఉండగానే గేటు ముందు బ్యాంకు జీపు ఆగింది. డాక్టరమ్మ అప్పటికే ఆటోలో వచ్చి, లారీ మీద మా షెడ్డుకి చేర్పించిన తన కారు పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది.

జీపులోంచి దిగిన బ్యాంకు సారు కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు. "సాయంత్రానికి కరెంటు మెయిను ఆపి, గేటుకి సీలు వేస్తామండి. ఆ తర్వాత లోపలున్నది ఏది కావాలన్నా హెడ్డాఫీసుకి రాసుకోవాలి" అన్నాడు.

"హెడ్డాఫీసు జవాబు రాసేదాకా ఉండే వయసు కాదు బాబూ నాది" అంది డాక్టరమ్మ.

మావయ్య నన్ను పక్కకి లాగి, "ఆల్లని ముందు నమూనాల గదికి తీసుకెల్లు. లేత్ కాడికి ఆకర్న రానీ" అన్నాడు. సారుని మాటల్లో పెట్టడం అనే మహత్కార్యం అలా నా మీద పడింది.

నమూనాల గదంటే మావయ్య చెక్కిన టేకు బొమ్మలన్నీ దాచిన గది. నేల నుంచి రేకుల దాకా అరలు. శంఖంలాంటివి, ఏనుగు చెవిలాంటివి, పేరు పెట్టలేని వంపులవి. ప్రతిదీ ఎక్కడో ఒక కారుని మళ్లీ నడిపించిన రూపం. సారు గుమ్మంలోనే ఆగిపోయాడు. చేతులు తనంతట తానే వెనక్కి కట్టుకున్నాడు.

"ఇదేంటమ్మా?"

"అది... ముందు భాగమండి."

"దేనికి?"

"కారుకండి."

"మరి ఇదో?"

"అదీ కారుకేనండి. వెనకవైపు."

నేను ఇంత తెలివిగా జాప్యం చేస్తున్నానని పొంగిపోతుంటే, ఆయనకి అసలు నా జవాబులే అక్కర్లేదని కాసేపటికి తెలిసింది. ఒక్కో బొమ్మా తీసి, దుమ్ము ఊది, వెలుగుకి తిప్పి చూసుకుంటున్నాడు. "జాబితాలో వీటిని వట్టి కర్ర కింద రాసుకోవాలమ్మా" అన్నాడు నెమ్మదిగా. అని, చాలాసేపు ఏమీ రాయలేదు.

పొద్దు వాలుతుండగా టర్నర్ బావ కేక వినిపించింది. "అయిపోనాది!" మావయ్య ఆ పంపుని పసిపిల్లలా గుడ్డలో పట్టుకొచ్చి, ఇంజనుకి బిగించి, నీళ్లు పోశాడు. చుక్క కారలేదు. డాక్టరమ్మ లేచి స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పితే ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకుంది. బ్యాటరీలో ప్రాణం లేదు.

"తొయ్యాల" అన్నాడు మావయ్య.

నేనూ టర్నర్ బావా చెరోవైపు పట్టాం. బండి బెత్తెడు కదిలి ఆగింది. అప్పుడు బ్యాంకు సారు చేతిలోని కాగితాలు జీపు బానెట్ మీద పెట్టి, టై భుజం మీదకి విసిరి, మా మధ్యకొచ్చి భుజం ఆనించాడు. "డాక్టరుగారూ, గేర్లో వెయ్యండి!" అని అరిచాడు. (స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన మనిషి సొత్తుని బయటకి తోస్తుండగా చూడటం మళ్లీ నాకు జరగలేదు.) గేటు దాటుతుండగా కారు ఒక్క కుదుపు కుదిపి అందుకుంది.

ఆ చప్పుడు ఎలా చెప్పను! గోల కాదు. పెద్ద జంతువేదో నిద్రలేచి గుండెల నిండా ఊపిరి తీసుకున్నట్టుంది. కాళ్ల కింద నేల అదిరింది. వీధిలో లారీవాళ్లు దిగి నిలబడ్డారు. డాక్టరమ్మ వెనక్కి చూడలేదు. చెయ్యి మాత్రం కిటికీలోంచి ఊపుతూ, హైవే వైపు మలుపు తిరిగింది. మావయ్య తడి కళ్లతో నవ్వుతున్నాడు. సారు నూనె అంటిన అరచేతులు చూసుకుంటూ, "మీరు చేసినదేనా ఇది?" అన్నాడు.

"మేఁవే సేసినాం సార్" అన్నాడు మావయ్య. షెడ్డు తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన జీపు మీది కాగితాలు తీసుకుని, మెయిను ఆపి, గేటుకి సీలు వేశాడు.

ఇప్పుడు నేను మధురవాడలో ఒక అద్దాల మేడలో పనిచేస్తున్నాను. మేం తయారుచేసేదేమిటో చేత్తో పట్టుకుని చూపించమంటే చూపించలేను. ఆ షెడ్డులో ఎవరో టైల్స్ నిల్వ చేసుకుంటున్నారట. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది ఆ మర్నాడు నేను చేసిన పనికి. అలాంటి చప్పుడు విన్నాక ఏ బ్యాంకైనా మనసు మార్చుకోకుండా ఉంటుందా అనుకుని, తల దువ్వుకుని, క్యారేజీ కట్టించుకుని, రోజూ ఎక్కే బస్సే ఎక్కి డ్యూటీకి వెళ్లాను. సీలు ఉన్నచోటే ఉంది. దాని పక్కన, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, మావయ్య కూర్చుని ఉన్నాడు.

"నువ్వేటే?" అన్నాడు.

"నువ్వేటి?" అన్నాను.

ఇద్దరం గేటు నీడలో కూర్చుని, పొద్దున్నే క్యారేజీలు విప్పుకుని తినేశాం. "ఎలా పలికినాదే ఇంజను!" అన్నాడు మావయ్య, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. ఆ తర్వాత చెయ్యి కడుక్కోవడం మరిచిపోయి, ఇద్దరం చాలాసేపు ఆ చప్పుడు గురించే మాట్లాడుకున్నాం.