ఉతికిన శాలువా

మా ఆయనది లాండ్రీ కొట్టు. నన్ను చూడటానికి మొదటిసారి వచ్చిన రోజు, నా ముఖంకంటే ముందు మోచేతి దగ్గరున్న సిరా మరకను చూసిన మనిషి. "అది నిమ్మరసంతో పోతుందండీ" అన్నారు. నాతో అన్న మొదటి మాట అదే. పక్కనున్న అత్తగారు నెత్తి కొట్టుకున్నారు.

ఆ కొట్టు ఆవిడ పెట్టిందే. భర్త పోయాక ఒక్క ఇస్త్రీపెట్టెతో మొదలుపెట్టారు. చివరి ఏళ్ళలో చూపు మసకబారినా, బల్ల చివర స్టూలు మీద కూర్చుని, ఇస్త్రీ అయిన కాలర్లను వేలితో తడిమి "మళ్ళీ వెయ్యి" అని వెనక్కి తోసేసేవారు. ఈయన గొణుక్కుంటూనే మళ్ళీ వేసేవారు. యాభై దాటిన మనిషికి తల్లి చేత చీవాట్లు తింటే తప్ప పొద్దు గడిచేది కాదు.

చలికాలంలో ఆవిడ పోయారు. పెద్దావిడ, అనుకున్నదేగా అన్నారందరూ. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండింది. అనుకున్నంత మాత్రాన దుఃఖం తగ్గుతుందా? ఈయన మాత్రం కంటతడి పెట్టలేదు. కొట్టు తెరిచి బట్టల మీద పడ్డారు.

ఈయన అక్క, మా వదిన, కాలు విరిగి మంచంలో ఉండటంవల్ల కడసారి చూపుకు కూడా రాలేకపోయింది. ఫోనులో ఏడ్చి ఏడ్చి తమ్ముణ్ణి ఒక్కటే అడిగింది. "అమ్మ కప్పుకునే శాలువా నాకు ఉంచరా. ఇంకేం వద్దు."

నడవగలిగాక, చేతికర్ర పట్టుకుని వచ్చింది. ఈయన శాలువా తెచ్చి చేతిలో పెట్టారు. అత్తగారు పోయేదాకా ఒంటిమీద ఉన్న ఊదారంగు ఉన్ని శాలువా. దాన్ని చన్నీళ్ళలో తన చేత్తో ఉతికి, నీడన ఆరేసి, ఆవిరి పట్టి, పల్చటి కాగితంలో చుట్టి ఉంచారు. అంత శ్రద్ధగా ఆయన ఎవరి బట్టా ఉతకలేదు. వాళ్ళమ్మ పోయాక మొదటిసారి ఆయన ముఖంలో కాస్త వెలుగు చూశాను.

వదిన దాన్ని ముఖానికి అదుముకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకో మడత విప్పి మళ్ళీ పీల్చింది.

"ఏరా, ఉతికావా?"

"ఉతక్కుండా ఎలా ఇస్తానక్కా? టీ మరకలు, మందు మరకలు, ఎన్నున్నాయో."

"అమ్మ వాసన కోసం అడిగానురా."

ఆయన గబగబా లోపలికి వెళ్ళారు. బీరువా తెరిచిన చప్పుడు, మంచం జరిపిన చప్పుడు వినిపించాయి. నేను వెళ్ళేసరికి అత్తగారి దిండు గలీబు, దుప్పటి, తువ్వాళ్ళు, చేతిరుమాళ్ళు అన్నీ నేలంతా పరిచి, ఒక్కొక్కటే ముక్కుకు ఆనించుకుని పక్కన పడేస్తున్నారు. అన్నీ మల్లెపువ్వుల్లా తెల్లగా, అంచుకు అంచు కలిపి మడిచినవే. ఏడవలేదని నేననుకున్న ఆ రోజులన్నీ ఆయన చేసిన పని ఇదన్నమాట.

వదిన గుమ్మం దగ్గర కర్ర మీద ఆనుకుని నిలబడింది. "పోనీలేరా" అంది.

ఆయన దిండు గలీబు పట్టుకుని నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చారు.

"ఒక్కటీ మిగల్చలేదక్కా. అన్నీ నేనే ఉతికేశాను."