పక్కింటి మేస్త్రీ అడిగిన దేశం

నరసరావుపేటలో మా పక్కింటి తాపీ మేస్త్రీ వాళ్లు తరతరాలుగా ఇక్కడి తెలుగువాళ్లే అయినా, తాము యూదులమని చెప్పుకుంటారు. నేను కాలేజీలో చరిత్ర చెబుతానని తెలిసి, ఒక ఆదివారం పొద్దున అతను ఇజ్రాయెల్ ఎలా పుట్టిందని అడిగాడు. యూరప్‌లో యూదులు పడ్డ హింస, తమకంటూ ఒక దేశం కావాలని లేచిన ఉద్యమం, ఆ దేశం ఏర్పడినప్పుడు ఇళ్లు పోగొట్టుకున్న పాలస్తీనా అరబ్బుల సంగతి, అన్నీ చెప్పాను.



"మమ్మల్ని రానిస్తారా సార్?" అన్నాడు అంతా విని.

"యూదులైతే రానిస్తారు. మీరు యూదులో కాదో వాళ్లు తేల్చాలి. నాకు తెలీదు," అన్నాను.

"ఈడ ఇల్లు కట్టుకున్నాం గదా, ఆడికెందుకు?" అంది అతని భార్య లోపల్నుంచి.

"ఇంటికోసం కాదే. మనకు శనివారం పని చేయకూడని రోజు. ఆడ ఊరంతా సెలవే. పనికి ఎందుకు రాలేదని ఎవరూ అడగరు."

 ఆ తర్వాత అతను మళ్లీ ఆ దేశం ఊసెత్తలేదు.