గాటు లేని అచ్చు

కంప్యూటరు తప్పు చేయదనే మాట నేను మొదటిసారి విన్నది అమలాపురంలో, ఒక ఇనుప పోత ఫ్యాక్టరీ వసారాలో, కొబ్బరిబొండాం తాగుతున్న ఒక పెద్దమనిషి నోట. తర్వాత కంప్యూటరు ఉద్యోగంలో చేరాక ఇంకా చాలామంది నోట విన్నాను. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఆ మంట చల్లార్చుకోవాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఎనభైల చివరి మాట. మా నాన్న ఆ ఫ్యాక్టరీలో అచ్చుల మేస్త్రీ. కాలవ గట్ల మీద రైతులు పెట్టుకునే నీటి పంపులు అక్కడ తయారయ్యేవి. కరిగిన ఇనుము పోయాలంటే ముందు ఇసుకలో గుంట కావాలి, ఆ గుంట పడాలంటే చెక్క అచ్చు కావాలి. అది చెయ్యడం నాన్న పని. ఇనుము చల్లారేటప్పుడు కాస్త కుదించుకుపోతుంది కాబట్టి అచ్చు అసలు పంపు కంటే పిసరు పెద్దదిగా ఉండాలి. అందుకోసం నాన్న దగ్గర ఒక ప్రత్యేకమైన స్కేలు ఉండేది. చూడడానికి మామూలు స్కేలే, కానీ దాని మీది అంగుళం అసలు అంగుళం కంటే వెంట్రుకవాసి పొడుగు. పోత స్కేలు అనేవాళ్ళం. చిన్నప్పుడు దాన్ని బడికి పట్టుకెళ్ళి మార్జిన్లు గీసుకున్నందుకు నా వీపు విమానం మోత మోగింది.

ఇంకో అలవాటు ఉండేది ఆయనకి. కొత్త అచ్చుతో పోసిన మొదటి పంపు నీళ్ళు లాగేదాకా ఆగి, అప్పుడు అచ్చుని తిరగేసి అడుగున ఉలితో చిన్న గాటు పెట్టేవాడు. నీళ్ళు లాగకపోతే గాటు లేదు. ఫ్యాక్టరీ అటక మీది అచ్చులన్నిటికీ ఆ గాటు ఉండేది. చదువు పెద్దగా లేని మనిషి, ఆయన సంతకం అదే అనుకోండి.

నేను కాకినాడలో డ్రాయింగు కోర్సు చదివొచ్చి అదే ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. బండారులంక నుంచి నాన్న సైకిలు వెనక కూర్చుని వెళ్ళేదాన్ని. ఆ ఏడే మా ప్రొప్రయిటరు గారికి పెద్ద ఆశ పుట్టింది. మా పంపు డిజైను ఒక మద్రాసు కంపెనీకి నచ్చింది. పంపు బాడీలు వాళ్ళు పోసుకుంటారు, లోపల తిరిగే చక్రాలు మేం పంపాలి. డ్రాయింగు మాత్రం హైదరాబాదులో ఇంకో కంపెనీ కంప్యూటరులో వేసి వాళ్ళకి ఇస్తుంది.

హైదరాబాదు ఇంజనీరు గారు వచ్చారు. మా పంపుకి కాగితం మీద డ్రాయింగంటూ ఎప్పుడూ లేదు, ఉన్నదల్లా నాన్న చేసిన చెక్క అచ్చే. అది రెండు ముక్కలుగా విడుతుంది, లోపలి వంపులు కొలవడం తేలిక. ఆయన మామూలు కొలత పరికరాలతో కొలిచి చెబుతూ ఉంటే నేను రాశాను. నాన్న పక్కనే నిలబడి, "అది చెక్క కొలతండి. పంపు అంతకన్నా చిన్నదుంటాదండి. కుదింపు అందులోనే కలిపేసేనండి" అని చెప్పాడు. ఆ మాట నేను ఇంగ్లీషులో కాగితం కింద రాశాను. ఇంజనీరు గారు మళ్ళీ వచ్చినప్పుడు తెచ్చిన కంప్యూటరు షీటులో, మూల ఒక గడి కట్టి, నేను రాసిన ఆ మాటే ఉంది. నాన్నకి చదివి వినిపించాను. చాలా సంతోషించాడు.

ఆ బొమ్మ హైదరాబాదు నుంచి మద్రాసు వెళ్ళింది. వీళ్ళ కంప్యూటరు ఒక రకం, వాళ్ళది ఇంకో రకం. దీనిలో వేసింది దానిలో తెరుచుకోదు. ఇద్దరికీ అర్థమయ్యే మూడో పద్ధతిలోకి మార్చి ఫ్లాపీలో పంపారు. ఆ మార్పులో గీతలు వెళ్ళాయి, వంపులు వెళ్ళాయి. మూలన గడిలో ఉన్న రాత మాత్రం వెళ్ళలేదు. ఆ రోజుల్లో అలా రాలిపోవడం మామూలేనని, నేనూ కంప్యూటరు డ్రాయింగు పనిలోకే వెళ్ళాక తెలిసింది. మద్రాసు వాళ్ళు అవి పంపు కొలతలే అనుకుని, పద్ధతి ప్రకారం వాటికి మళ్ళీ కుదింపు కలిపారు. బాడీ పెద్దదైంది. మేం పంపిన చక్రం అందులో వదులుగా తిరిగింది. పంపు నీళ్ళని చిలికిందే గాని పైకి లాగలేదు.

అప్పుడు జరిగింది ఆ వసారా పంచాయితీ. మద్రాసు పెద్దమనిషి, హైదరాబాదు ఇంజనీరు గారు, మా ప్రొప్రయిటరు గారు కుర్చీల్లో కూర్చున్నారు. నాన్న నిలబడ్డాడు. మద్రాసాయన తన షీటు పరిచి, కంప్యూటరు తప్పు చేయదు, అచ్చే తప్పు అన్నాడు. నేను షీటు మూల చూశాను. ఖాళీగా ఉంది.

"ఇక్కడో నోటు ఉండాలండి, ఇంజనీరు గారికి తెలుసు" అన్నాను.

ఇంజనీరు గారు బొండాంలోకి చూస్తూ కూర్చున్నారు. నోటు ఉన్న షీటు ఆయనే తెచ్చి మాకు చూపించిన మనిషి.

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు కదమ్మా" అన్నారు ప్రొప్రయిటరు గారు నన్ను చూసి. తర్వాత నాన్న వైపు తిరిగి, "ఏవయ్యా, అచ్చులో తేడా ఉందంటున్నారు" అన్నారు.

"ఆయ్" అన్నాడు నాన్న. "అచ్చు నేను చేసిందేనండి. తేడా ఉంటే నాదేనండి."

నాకు ఆ ముగ్గురి మీదా రాని కోపం నాన్న మీద వచ్చింది. ఆ అచ్చుతో మేం పోసిన పంపు పది గజాల దూరంలో, గోడవారనే ఉంది. తెచ్చి కొలిస్తే చాలు. ఆయన తేలేదు. వచ్చినవాళ్ళ కారు జొన్నాడ వైపు వెళ్ళిపోయింది.

దారిలో సైకిలు మీద దెబ్బలాడాను. "మన గుమ్మంలోకొచ్చినోళ్ళని పట్టుకుని తప్పు మీదంటావేటే" అన్నాడు. "ఆళ్ళు బండెక్కేక ప్రొప్రయిటరు గారికి చెబుదారనుకున్నాను. రేపు చూపిస్తాను." గోదావరి జిల్లా మర్యాద గురించి ఎవరైనా గొప్పగా చెబుతుంటే నేను లేచి వెళ్ళిపోవడం ఆ సాయంత్రం నుంచే మొదలైంది.

మర్నాడు అచ్చు, పంపు, రెండు స్కేళ్ళూ పట్టుకెళ్ళి ఆఫీసులో బల్ల మీద పెట్టాడు. ప్రొప్రయిటరు గారు వాటి వంక చూడనైనా చూడలేదు.

"నాకు తెలీదేటయ్యా? నీ అచ్చుతో ఇన్నాళ్ళ నుంచి పంపులమ్ముతున్నాను. కానీ నిన్న నువ్వే ఒప్పేసుకున్నావు. ఆళ్ళు సంతోషంగా వెళ్ళేరు. ఇప్పుడు ఆళ్ళది తప్పంటే ఈ బేరం ఉంటాదా? మామూలు స్కేలుతో ఇంకో అచ్చు చేసియ్యి. అది కొలుచుకుంటారు, ఆళ్ళ లెక్క సరిపోద్ది."

అంటే తప్పుడు అచ్చు చేయమన్నారు. ఆ అచ్చుతో మా ఫ్యాక్టరీలో పోత పోస్తే చిన్న పంపు వస్తుంది, దేనికీ పనికిరాదు. మద్రాసు వాళ్ళ పొరపాటుకి కొలిచినట్టు సరిపోయే ఇంకో పొరపాటు అది. నాన్న చేశాడు. మామూలు స్కేలు పెట్టి, ఎప్పటిలాగే ఓపిగ్గా చెక్కి, నునుపు చేశాడు. నేను ఆ రోజుల్లో ఆయనతో సరిగా మాట్లాడలేదు.

మద్రాసులో ఈసారి పంపు నీళ్ళు లాగింది. మేస్త్రీ తన తప్పు సరిదిద్దుకున్నాడని వాళ్ళు మెచ్చుకున్నారట. ప్రొప్రయిటరు గారు ఆ కబురు చెప్పి, పాత అచ్చు మీద ఎర్ర రంగుతో అడ్డంగా గీత కొట్టించారు. ఇకమీదట ఎవరూ దాన్ని వాడకుండా అన్నమాట. కొత్త అచ్చుని తెచ్చి అందరి ముందూ నాన్న చేతిలో పెట్టారు.

"నీళ్ళు లాగింది కదా, గాటెట్టుకో మరి" అన్నారు.

"ఆయ్" అన్నాడు నాన్న.

ఆయన పోయాక పనిముట్లు తెచ్చుకోవడానికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. అటక మీద రెండు అచ్చులూ పక్కపక్కనే ఉన్నాయి. ఎర్ర గీత ఉన్నదాన్ని తిరగేశాను, గాటు ఉంది. రెండోదాన్ని తిరగేసి వేలితో తడిమి చూశాను. చెక్క నున్నగా ఉంది.